డెబ్భై ఆరు బ్యాచి

ఆ ప్రకటన మొదట చూసింది ఏసోబు భార్య సువార్తమ్మ. క్రైస్తవ మాసపత్రిక చివరి పేజీలో, పెళ్లి సంబంధాల కింద నాలుగు వరసలు. డెబ్భై ఆరులో మన బైబిలు కాలేజీ నుంచి బయటికొచ్చినవాళ్లు ఎక్కడున్నా ఈ మెయిలుకు రాయండి, ముప్పై ఏళ్లయింది, మళ్లీ ఒకరినొకరం కలుసుకుందాం అని. కింద బెంజమిన్ పేరుంది.

"మీ బెంజమినేనా?" అంది.

"ఆయనే" అన్నాడు ఏసోబు. ఆ ముక్క చించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నెల రోజులు అది జేబులోనే నలిగింది.

అప్పటికి అతనికి యాభై ఆరేళ్లు. చిలకలూరిపేట బయట హైవే పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. లారీల్లోంచి మిరప టిక్కీలు దిగుతుంటే పక్కన నిలబడి, ఏ రైతు బస్తాల మీద ఆ రైతు నంబరు వేయించడం అతని పని. ఫిబ్రవరి నుంచి మే దాకా దగ్గుతూనే బతకాలి. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేసినా కళ్లమంట పోయేది కాదు. ఎనిమిదేళ్లుగా అదే పని. అంతకుముందు ఇరవై రెండేళ్లు అతను పాస్టరు. ఆ సంగతి కోల్డ్ స్టోరేజీలో ఎవరికీ తెలియదు.

జూన్‌లో పని పల్చబడ్డాక, ఒక గురువారం సాయంత్రం బస్టాండు వెనకున్న నాగూర్ వలి నెట్ సెంటరుకు వెళ్లాడు. అదొకప్పుడు ఎస్టీడీ బూతు. సెల్‌ఫోన్లొచ్చి బూతు మూతపడితే నాగూర్ వలి అందులోనే నాలుగు కంప్యూటర్లు పెట్టుకున్నాడు. నలభై దాటిన మనిషి, గొంతు పెద్దది.

"నాకు ఇది కొట్టడం రాదు వలీ" అన్నాడు ఏసోబు, కాగితం ముక్క చూపించి.

"మీరు చెప్పండి బాబాయ్, నేను కొడతా. తెలుగే చెప్పండి. ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తే వాళ్లే చదూకుంటారు."

నేను ఏసోబుని, బతికే ఉన్నాను, పేటలో ఉన్నాను. అంతే రాయించాడు.

వారం తిరిగేసరికి పదకొండు జవాబులొచ్చాయి. నాగూర్ వలి ఒక్కోటీ తెరిచి పైకి చదివాడు. ప్రతిదీ "రెవరెండ్ ఏసోబు గారికి వందనాలు" అనే మొదలైంది. బెంజమిన్‌ది అన్నిటికన్నా పెద్దది. హైదరాబాదులో పెద్ద సంఘం కట్టాడట. ఆదివారం పొద్దున టీవీలో మాట్లాడతాడట. ప్రసంగాల క్లాసులో నీ గొంతు లేస్తే వంటవాళ్లు కూడా గరిటెలు వదిలి కిటికీ దగ్గరికొచ్చేవాళ్లు, గుర్తుందా అని రాశాడు. నీ సంఘం ఎలా ఉంది, ఫోటో పంపు అని ముగించాడు.

నాగూర్ వలి కుర్చీ ఇటు తిప్పాడు. "మీరు పాస్టరా బాబాయ్?"

"ఒకప్పుడు."

"మరి మానేశానని చెప్పండి వాళ్లకి."

"అందరం క్షేమం అని రాయి."

నాగూర్ వలి అతని ముఖం వంక ఒకసారి చూసి, అలాగే రాశాడు.

బెంజమిన్ అందరి మెయిళ్లూ కలిపి ఒక గ్రూపు చేశాడు. తర్వాత నాలుగు నెలలు ప్రతి గురువారం అదే తంతు. ఒకరి మనవడి ఫోటో, ఇంకొకరి గుడి ప్రతిష్ఠ, మరొకరి కాన్సరు, అందరి వందనాలు. ఏ ఉత్తరం చూసినా ఎవరి బతుకులోనూ ఏ లోటూ లేనట్టే ఉండేది. చావు కబురు కూడా ఫలానా ఆయన మహిమలో చేరారనే వచ్చేది. జనవరిలో అందరూ హైదరాబాదులో కలవాలనీ, పొద్దున వాక్యం ఏసోబే చెప్పాలనీ బెంజమిన్ నిర్ణయించాడు. ఏసోబు అవుననలేదు, కాదనలేదు. నెట్ సెంటరుకు వెళ్లకుండా ఉంటే సరిపోయేది. కానీ గురువారం వచ్చేసరికి కాళ్లు అటే పోయేవి. రెవరెండ్ అని పిలిపించుకోవడం కోసం పోతున్నానేమోనని అతనికే అనుమానంగా ఉండేది.

అక్టోబరులో రాజ్యం నుంచి ఉత్తరం వచ్చింది. అది గ్రూపుకు కాదు, అతనొక్కడికే.

రాజ్యం ఆ రోజుల్లో అదే కాలేజీలో, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ఆడవాళ్ల కోసం పెట్టిన బైబిలు ఉమన్ కోర్సు చదివింది. వీళ్లందరికన్నా ఆరేళ్లు పెద్ద. మగపిల్లలందరినీ తమ్ముడూ అని పిలిచేది. చదువయ్యాక కనిగిరి పక్క పల్లెలకు పోయిందని విన్నాడు. అంతే తెలుసు.

నాగూర్ వలి చదివాడు. "తమ్ముడూ, మా మేనకోడలు చేత రాయిస్తున్నా. ముప్పై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగా. మోకాళ్లు పోయాయి. అది చెప్పడానికి కాదు. రెండేళ్లుగా నా ప్రార్థన పెదాల మీదే ఉంటోంది, లోపలికి పోవట్లేదు. జ్వరమొచ్చిన పిల్ల తల మీద చెయ్యి పెడతా, మాటలు వస్తాయి, నేను అక్కడ ఉండను. ఈ ముక్క ఎవరితో అన్నా మా పెద్దలు గుండె బాదుకుంటారు. నువ్వు పాస్టరువి, అర్థమవుతుంది. నాకోసం ప్రార్థన చెయ్యి."



"ఈమెకి కూడా క్షేమం అనే రాయమంటారా?" అన్నాడు నాగూర్ వలి.

ఏసోబు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "రాయి. అక్కా, నేను పాస్టరును కాను."

తర్వాత చెప్పింది రాయడానికి గంట పట్టింది.

తొంభై ఎనిమిది అది. మార్టూరు అవతల దొండపాలెంలో అతను పాస్టరు. ఆ ఏడు పత్తి మొత్తం పచ్చపురుగు తినేసింది. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. మనుషులు చచ్చారు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఆరుగురు. ఏడోవాడు అతని సంఘంలోని మోషే. ముప్పై నాలుగేళ్లు. కౌలుకు చేసేవాడు. చేను గట్టు మీదే, కొట్టగా మిగిలిన మందు తాగాడు. సంఘపెద్దలు అరుగు మీద కూర్చుని తేల్చేశారు. తన ప్రాణం తాను తీసుకున్నవాడికి మన సమాధుల దొడ్డిలో చోటు లేదు, పాస్టరు గారు అటు పోకూడదు అని.

మోషే భార్య కోటిరత్నం అతని ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చింది. చంకలో పిల్ల. "అయ్యగారూ, దొడ్లో వద్దంటే కాలవ గట్టునే పెట్టుకుంటాం. మీరొచ్చి ఒక్క మాట చదవండి చాలు" అంది.

"నా చేతుల్లో లేదమ్మా" అన్నాడు ఏసోబు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. వేసుకుని బయల్దేరితే పట్టుకుని ఆపేవాడెవడూ లేడు. అతను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆదివారం ప్రసంగానికి లేచి నిలబడితే గొంతు రాలేదు. జలుబేమో అనుకున్నారు. మరుసటి ఆదివారమూ రాలేదు. ఆపై ఆదివారం అతను లేవనే లేదు. నెల తిరక్కుండా రాజీనామా రాసిచ్చి, సామాను ట్రాక్టరు మీద వేసుకుని పేటకు వచ్చేశాడు.

నాగూర్ వలి వేళ్లు మధ్యలో రెండుసార్లు ఆగాయి. అంతా అయ్యాక చెప్పాడు. "మా పెదనాన్న కొడుకూ అంతే బాబాయ్. ఆ ఏడే. పత్తే."

"నమాజు చేశారా?"

"మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత ఊళ్లో ఒక ముసలాయన ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక అందరూ నిలబడ్డారు."



మర్నాడు మళ్లీ వచ్చి గ్రూపుకూ రాయించాడు. నేను రెవరెండును కాను, కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాను, జనవరిలో వాక్యం వేరే ఎవరైనా చెప్పండి అని. ఇద్దరు ఓదారుస్తూ రాశారు. ఒకాయన బైబిలు వచనాలు పంపాడు. బెంజమిన్ ఒకే వాక్యం రాశాడు, నీకోసం ప్రార్థిస్తున్నాం అని. కారణం అడగలేదు. మూడు రోజులకు కార్యక్రమం మళ్లీ పంపితే అందులో ఏసోబు పేరు లేదు.

రాజ్యం జవాబు రావడానికి పదకొండు రోజులు పట్టింది. మూడే ముక్కలు. "చేసింది తప్పే తమ్ముడూ. ఆ అమ్మ ఉందా ఇంకా? నువ్వు పోతానంటే నేనూ వస్తా."

పోదాం అని ఏసోబు రాయించాడు. డిసెంబరు మొదటి వారంలో ఆమె కనిగిరి నుంచి ఒంగోలు, ఒంగోలు నుంచి మార్టూరు బస్సు మారి వచ్చింది. బస్సు దిగుతున్న ముసలామెను ఏసోబు గుర్తుపట్టలేదు. తెల్ల చీర, చేతిలో గుడ్డ సంచి, ఒక్కో మెట్టుకూ ఒక్కో నిట్టూర్పు. ఆమే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏరా తమ్ముడూ, ఇంత చిక్కిపోయావేంట్రా?"

"నువ్వు మాత్రం?"

"నాకేం, వాచిపోయా" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆటోలో దొండపాలెం పోయారు. కోటిరత్నం ఇంట్లో లేదు, పత్తి తీయడానికి పోయిందన్నారు. చేలో పదిమంది ఆడవాళ్లు ఒడులు కట్టుకుని వరసగా వంగి ఉన్నారు. ఏసోబు గట్టు మీద నిలబడి పేరు పెట్టి పిలిచాడు. ఒకామె నడుము పట్టుకుని నిటారుగా లేచింది. జుట్టు సగం నెరిసింది. దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది.

"మీరా అయ్యగారూ" అంది. "ఇప్పుడొచ్చారా?"

అతను తలొంచుకున్నాడు. దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆ రోజు రావాల్సింది అమ్మా. నేను భయపడ్డా" అన్నాడు.

"తెలుసు." ఒడిలోంచి జారుతున్న పత్తిని లోపలికి తోసింది. "పాపం మా అత్త, నేను, మా అన్న. ముగ్గురమే. ఏం చదవాలో తెలీదు. పరలోక ప్రార్థన నాకు సగమే వచ్చు. ఆ సగమే రెండుసార్లు చెప్పి మట్టేశాం."

రాజ్యం కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా మీద కోపం ఉండే ఉంటుంది" అన్నాడు ఏసోబు.

"ఎందుకుండదు? మూడేళ్లు గుడి వైపు పోలేదు. మీ పేరెత్తితే తిట్టేదాన్ని. తర్వాత పిల్లని చూసుకోవాల, పనికి పోవాల. ఆ కోపం కూడా మోయాలంటే ఓపిక లేకపోయింది. వదిలేశా."

"క్షమించావా అమ్మా?"

కోటిరత్నం ఆలోచించింది. "ఏమో అయ్యగారూ. వదిలేశానన్నాగా. అదే క్షమించడమో కాదో నాకు తెలీదు."

వరసలోంచి మేస్త్రీ కేకేసింది. కోటిరత్నం వెనక్కి తిరిగి, "వస్తన్నా!" అని అరిచి, వీళ్లతో చెప్పింది. "ఇప్పుడు చదువుతానంటే చదవండి. కానీ పని మధ్యలో రాలేను. అన్నాలప్పుడు పోదాం."

ఇద్దరూ గట్టు మీద వేపచెట్టు నీడన కూర్చుని రెండు గంటలు ఎదురుచూశారు. రాజ్యం కాసేపు కునికింది. పన్నెండున్నరకు కోటిరత్నం ఒడి దింపి, నీళ్ల సీసా పట్టుకుని ముందు నడిచింది. కాలవ గట్టు మీద సర్కారు తుమ్మ కమ్ముకుని ఉంది. ఆమె ఒకచోట ఆగి, చుట్టూ చూసి, నాలుగడుగులు ఇటు జరిగింది. "ఇక్కడే. ఈ మధ్య గట్టు తవ్వి మట్టి పోశారు. కాస్త అటో ఇటో."

రాజ్యం సంచిలోంచి బైబిలు తీసిచ్చింది. ఏసోబు సమాధి దగ్గర చదివే భాగం తీశాడు. గొంతు వచ్చింది. కిటికీల దగ్గరికి మనుషుల్ని రప్పించిన గొంతు కాదు. మిరప ఘాటుకు చెడిపోయి, మాటమాటకూ జీరపోతున్న గొంతు. రెండుసార్లు దగ్గొచ్చి ఆగాడు. చివర పరలోక ప్రార్థన మొదలుపెట్టాడు. సగం దాకా కోటిరత్నం కలిసి చెప్పింది. తర్వాత ఊరుకుని విన్నది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"సరే" అంది. సీసాలో నీళ్లు రెండు గుక్కలు తాగి, మిగిలినవి రాజ్యానికిచ్చింది. "ఎండన పడి వచ్చారు. ఇంటికెళ్తే మా అత్త ఉంటది, మజ్జిగ ఇస్తది. చెవుడు, గట్టిగా మాట్లాడండి" అని చేనులోకి వెళ్లిపోయింది.

మార్టూరు బస్టాపులో ఒంగోలు బస్సు కోసం కూర్చున్నప్పుడు ఏసోబు అడిగాడు. "అక్కా, చేస్తున్నప్పుడు నీకేమైనా లోపలికి పోయిందా?"

రాజ్యం మోకాలు రుద్దుకుంది. "ఆ అమ్మ సగం చెప్పి ఆగిందే, అక్కడ కొంచెం" అంది. "ఊరికే అబద్ధం ఎందుకు. కొంచెమే. నీకు?"

"అలిసిపోయా అక్కా."

"నేనూనూ."

బస్సొచ్చింది. ఆమెను ఎక్కించి, కిటికీ పక్క సీటు దొరికిందాకా కింద నిలబడ్డాడు.

 జనవరిలో హైదరాబాదు కలయికకు ఇద్దరూ వెళ్లలేదు. గ్రూపులో ఫోటోలు వచ్చాయి. మార్చిలో రాజ్యం పని మానేసి మేనకోడలి ఇంట్లో ఉండిపోయింది. గురువారాలు వెళ్లడం ఏసోబు మానలేదు గాని, ఇప్పుడు ఎక్కువగా రాజ్యానికే రాయించేవాడు. మోకాళ్ల గురించి, కోల్డ్ స్టోరేజీలో కొత్త మేనేజరు గురించి, నిద్ర పట్టకపోవడం గురించి.

ఆ మరుసటి ఏడు వానాకాలంలో దొండపాలెం నుంచి ఫోనొచ్చింది. కోటిరత్నం అత్త చనిపోయింది. ఏసోబు సెలవు పెట్టి వెళ్లాడు. అక్కడ కొత్త పాస్టరు ఉన్నాడు, కుర్రవాడు, బైబిలు చేతిలో పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ముసలామెకు దొడ్లో చోటూ ఉంది.

"చదవడానికి ఆయనున్నాడు అయ్యగారూ" అంది కోటిరత్నం. "మా అన్నకి నడుం పోయింది. మోయడానికి ఒక మనిషి తక్కువయ్యాడు."

ఏసోబు చెప్పులు విడిచి, వెనక ఎడమ పక్కన భుజం పెట్టాడు. దారి బురదగా ఉంది. పెట్టె అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ముందున్నవాడు కాస్త పొడుగు కావడం వల్ల బరువంతా వెనక్కే వస్తోంది. దొడ్డి దాకా భుజం మార్చకుండా మోశాడు.