ఎర్రగా వెలిగిన గడి

పదకొండింటికల్లా ఆమె నూట ముప్పై గళ్ళు చూసేసింది. యుద్ధం మొదలయ్యాక సోషల్ మీడియాలో ఎవరు ఏ భాషలోకి మారుతున్నారో కనిపెట్టే ఆఫీసు అది. ఒక్కో పోస్టుకీ తెరమీద ఒక గడి; ఇంటి భాషలో రాస్తే ఎర్రగడి, సర్కారు భాషలో రాస్తే నీలంగడి. రంగు కంప్యూటరే వేస్తుంది. చదివి, ఆ మనిషి ఎటు మళ్ళాడో తేల్చి మీట నొక్కడం ఆమె పని. ఊరందరి మనసులూ చదివే ఉద్యోగమన్నమాట!

తెరమీద పేర్లుండవు, అంకెలే. అయినా రెండువందల పద్నాలుగు తన తమ్ముడేనని ఆమె మొదటిరోజే పట్టేసింది. చల్లారిన టీ మీద అంత వెటకారం ఇంకెవరికీ రాదు. తెలిసినవాళ్ళ ఖాతా తగిలితే పైవాళ్ళకు చెప్పి వదులుకోవాలని నిబంధన. ఆమె ఆ ఖాతాను తన దగ్గరే ఉంచేసుకుంది. వాడి కబురు తెలిసే దారి అదొక్కటే.

సరిహద్దు అవతలి సైన్యానిదీ వీళ్ళ ఇంటి భాషే. యుద్ధం వచ్చిన వారానికి తమ్ముడు, "ఆ భాష ఇక నా నోట రాదక్కా" అన్నాడు.

"అమ్మ నిన్ను జోకొట్టింది ఏ భాషలోరా?" అంది.

అంతే, మాటలు తెగిపోయాయి. వాడు సైన్యంలో చేరాడు. రెండేళ్ళుగా అన్నీ నీలంగళ్ళే, తప్పులతడక సర్కారు భాష. చదివి నవ్వుకునేది, ఆనక ఏడ్చేది. ప్రతిదాని కిందా 'మారాడు' అని తన చేత్తోనే నొక్కేది.

ఈరోజు ఆ గడి ఎర్రగా వెలిగింది.

చదవకుండానే 'వెనక్కి మళ్ళాడు' నొక్కేసింది. రంగు చూసి నొక్కేయడం అక్కడ అందరికీ అలవాటే. సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు.

"నీలం నుంచి ఎరుపుకి తిరిగిరావడం రెండేళ్ళలో ఇదే మొదటిదమ్మా! రిపోర్టులో ముందు పేజీలో పెడతాను."

"పెట్టండి సార్" అంది సంతోషం పట్టలేక. వాడికి ఇవాళే ఉత్తరం రాయాలి, ముందు నాలుగు చీవాట్లు పెట్టి. అప్పుడు చదివింది.

ఒక్క తప్పు లేదు. "ఈ ఫోను నాది కాదు. ఇతను నిన్న పొద్దున మా కందకం దగ్గర చనిపోయాడు. ఇంట్లోవాళ్ళు గుర్తుపడతారని జేబులో దొరికినదాని ఫొటో పెడుతున్నాను."

చంపినవాళ్ళు అమ్మ భాషలో ఎంత మర్యాదగా రాశారు!

"సార్, అది తీసేయండి. వాడు రాసింది కాదు."

"పైకి పంపేశానమ్మా. ఇప్పుడెలా?"

తమ్ముడికి ముప్పై ఒకటి. సైన్యంలో చేరేనాటికి వాడి జుట్టంతా నలుపే. ఫొటోలో మట్టి మీద వాడి జేబు దువ్వెన, దాని పళ్ళలో చిక్కుకున్న రెండు తెల్లవెంట్రుకలు.