లారీలో బొంత

తమ్ముడి కొత్త ఫ్లాటు ఊడ్చి, తుడిచి, వంటింటి అరల్లో కాగితాలు పరిచి బ్రేకక్క నడుం నిలబెట్టేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆవిడది డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకును అవసరం ఉన్నా లేకున్నా తొక్కేస్తుందని ఎవరో శిష్యురాలు పెట్టిన పేరది. తమ్ముడు తప్ప అందరూ అలాగే పిలుస్తారు.

పొద్దున్నే రావలసిన లారీ తాపీగా వచ్చిందని, సామాను ఎక్కించేసరికి ఈ వేళయిందని మరదలు ఫోన్లో చెప్పింది. మనుషుల సంగతి సరే, బొంత ఈ ఎండలో ఎలా వస్తుందో అని బ్రేకక్కకు ఒకటే బెంగ. బొంత తమ్ముడి కూతురు పట్టుబట్టి తెప్పించుకున్న కుక్క. మంచు కురిసే చోట పుట్టిన జాతి, ఒళ్ళంతా జానెడు బొచ్చు. పడుకుంటే అచ్చం మడత పెట్టిన బొంతే. వేసవి మొదలైన దగ్గర్నుంచీ బాత్రూం గచ్చు వదిలి కదలడం లేదు. అందుకే ఈ ఇంట్లోనూ ముందుగా బాత్రూమే కడిగి, మూల ఒక గిన్నెతో నీళ్ళు పెట్టింది.

కింద కారు హారన్ వినిపించింది. బ్రేకక్క దిగి వెళ్ళింది.

కారు తలుపు తీయగానే చల్లటి ఏసీ గాలి ఆవిడ ముఖానికి తగిలింది. ముందు తమ్ముడూ మరదలూ. వెనక సీటు నిండా పూలకుండీలు. అన్నిటికన్నా పెద్ద కుండీకి సీటు బెల్టు కూడా పెట్టారు. వాటి మధ్య మేనకోడలు టీవీని ఒళ్ళో పెట్టుకుని ఇరుక్కుని కూర్చుంది.

"బొంతేడిరా?"

"వస్తున్నాడులే అక్కా."

"ఎలా వస్తున్నాడు? నడిచా?"

"లారీలో ఎక్కించాను. కార్లో చోటేదీ?"

మేనకోడలు కుండీల మధ్యనుంచి తల పైకెత్తింది. "డ్రైవర్ అంకుల్ పక్కన కూర్చున్నాడత్తా. నాన్న చెప్పాడు."

తమ్ముడు పాప వైపు చూడకుండా కారు డిక్కీ తెరిచాడు. తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న మనిషి కాబట్టి, వాడి వీపు చూసినా బ్రేకక్కకు అబద్ధం తెలిసిపోతుంది.

"ఇటు తిరుగు. ఎక్కడ ఎక్కించావు?"

"ముందు ముగ్గురు మనుషులున్నారక్కా. వాళ్ళు ఒప్పుకోరని... వెనక."

"వెనకంటే? ఆ రేకు డబ్బాలోనా? నాలుగు వైపులా మూసేసి ఉంటుందే! గాలి దూరడానికి చిల్లైనా ఉందా దానికి?"

"అబ్బా, కాసేపేగా. సోఫాకీ మంచానికీ మధ్య మెత్తగా చోటు చేసి మరీ పెట్టాను. కుక్కేగా అక్కా, వాటికి అన్నీ అలవాటే."

"వచ్చీ రాగానే మొదలెట్టకండి వదినా," అంది మరదలు కుండీ దించుకుంటూ. "మొక్కలైతే ఎండకి తట్టుకోలేవని ఇవి కార్లో పెట్టాం."

బ్రేకక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మొక్కలు తట్టుకోలేవు! ఒంటినిండా బొచ్చున్న ప్రాణి మాత్రం కాలే రేకులో తట్టుకుంటుంది! ఏం మనుషులే మీరు? లారీ ఎప్పుడు బయల్దేరింది?"

"మా కంటే ముందే," అన్నాడు తమ్ముడు.

ముందే బయల్దేరిన లారీ ఇంకా రాలేదు. ఆ మాట అందరికీ ఒకేసారి తట్టింది. తమ్ముడు డ్రైవరుకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. టీవీ ఒళ్ళో పెట్టుకునే పాప ఏడుపు లంకించుకుంది.

"నువ్వు ఎక్కు నా కారు," అని తమ్ముడి రెక్క పుచ్చుకుని లాగింది బ్రేకక్క. "అమ్మాయ్, నువ్వు ఆ కుండీలు అవతల పెట్టు. పశువుల డాక్టరుకి ఫోన్ చేసి ఎండ దెబ్బ తగిలిన కుక్కకి ఏం చెయ్యాలో అడిగి నాకు చెప్పు."

మరదలు ముఖం మాడ్చుకుంది గానీ, ఆడబిడ్డ గొంతులో ఏం వినబడిందో, కుండీ అక్కడే వదిలేసి ఫోన్ తీసింది.

స్కూలు కారు పొద్దుటినుంచీ ఎండలో నిలబడి ఉంది. సీటు మీద కూర్చోగానే తమ్ముడు కెవ్వున లేచాడు.

"ఏసీ వెయ్యక్కా."

"పాడైంది."

"అద్దమైనా దించు. ఊపిరాడ్డం లేదు."

"కాసేపేగా. నీకూ అలవాటైపోతుందిలే."

అయినా అద్దాలు తనే దించింది. వాడికి బుద్ధి చెప్పే తీరిక అప్పుడు లేదు. ఎప్పుడూ పక్క సీటులో కూర్చుని మెల్లగా, మెల్లగా అంటూ అరిచే మనిషి ఆ రోజు స్టీరింగ్ పట్టుకుని హారన్ మీంచి చెయ్యి తీయలేదు. మిట్టమధ్యాహ్నం ఈ కుక్కని షికారు తిప్పొద్దురా, నీ అరచెయ్యి రోడ్డు మీద ఆనించి చూడు అని ఎన్నిసార్లు మొత్తుకుంది! నవ్వేవాడు. నీకు పిల్లల కంటే కుక్కలంటేనే ప్రేమక్కా అనేవాడు. ఆ నవ్వు తలుచుకున్న కొద్దీ ఒళ్ళు మండిపోయింది.

ఊరి చివర పెద్ద రోడ్డు పక్కన, ఒక హోటల్ ముందు లారీ కనిపించింది. చెట్టు నీడ అన్నది లేదు. రేకు మీద ఎండ కళ్ళు పొడిచేలా మెరుస్తోంది. డ్రైవరూ ఇద్దరు హమాలీలూ లోపల ఫ్యాను కింద భోంచేస్తున్నారు.

"తాళం! వెనక తలుపు తాళం ఇవ్వు!" అంటూ బ్రేకక్క లోపలికి దూసుకుపోయింది.

డ్రైవరు ముద్ద నోటి దగ్గర ఆపేశాడు. "ఏమైందమ్మా? సామాను ఎక్కడికీ పోదు, ఇంకొక్క ముద్ద..."

"లోపల కుక్క ఉందయ్యా!"

"కుక్కా?" అతను ఎంగిలి చేత్తోనే లేచాడు. "మా బండిలో కుక్కేంటమ్మా? ఎవరు ఎక్కించారు?"

అందరి చూపూ తమ్ముడి మీద పడింది. వాడు నేల చూపులు చూశాడు. సామాను సర్దడం అయిపోయి హమాలీలు చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు ఎవరికీ చెప్పకుండా ఎక్కించి, తలుపు దగ్గరికేసి, ఇక తాళం వేసుకోండని కేకేశాడట ఆ పెద్దమనిషి.

తలుపు తీయగానే లోపలి వేడి మొహాన కొట్టి అందరూ ఒకడుగు వెనక్కి వేశారు. ముందు ఏమీ కనబడలేదు. సోఫా కాళ్ళ దగ్గర, పరుపుకి ఆనుకుని బొంత పక్కకి పడి ఉంది. నాలుక ముదురు ఎరుపై బయటికి వేలాడుతోంది. నోటినుంచి జిగురులాంటి చొంగ కారి బొచ్చుకి అంటుకుపోయింది. డొక్కలు ఆగకుండా ఎగిరెగిరి పడుతున్నాయి. "బొంతా!" అని పిలిస్తే కళ్ళు తిరిగాయి గానీ ఎవరినీ చూడలేదు. తలుపు లోపలి వైపు, గోళ్ళు గీరిన గీతలు. వాటిని చూసి ఒక హమాలీ "అయ్యో" అన్నాడు.

డ్రైవరూ హమాలీలూ కలిసి దాన్ని మోసుకొచ్చి హోటల్ వెనక నీడలో, కొళాయి పక్కన తడి గచ్చు మీద పడుకోబెట్టారు. అంతలో మరదలు ఫోన్.

"వదినా, డాక్టరుగారు చెప్పింది వినండి. ముందు చల్లబరచాలట, ఆ తర్వాతే తీసుకురావాలట. మామూలు కొళాయి నీళ్ళు ఒళ్ళంతా పొయ్యాలి, పొట్ట కిందా, తొడల మధ్యా బాగా తడపాలి. గాలి విసరాలి. తడిగుడ్డ కప్పి వదిలెయ్యొద్దట, వేడి లోపలే ఉండిపోతుందట. తెలివిలో లేకపోతే నోట్లో మాత్రం నీళ్ళు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి." ఆ వెంటనే అడిగింది, "బతికే ఉందా వదినా?"

"ఉంది. పెట్టేయ్."

హమాలీలు బిందెలు నింపి పోస్తుంటే బ్రేకక్క మోకాళ్ళ మీద కూర్చుని బొచ్చు పాయలు పాయలుగా విడదీసి చర్మం తడిసేదాకా నీళ్ళు పట్టించింది. హోటల్ వాళ్ళు ఫ్యాను వైరు లాగి తెచ్చిపెట్టారు. డ్రైవరు అట్టముక్కతో విసురుతూనే తమ్ముణ్ణి కడిగేశాడు.

"మాకొక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది సార్? తెలిస్తే ఎక్కించనిచ్చేవాణ్ణా? నా భోజనం వేళ ఒక ప్రాణం ఇలా కొట్టుకుంటుంటే, ఆ పాపం నాకు చుట్టబెడతారా?"

"పోనీలేవయ్యా, అయిందేదో అయింది," అని గొణిగాడు తమ్ముడు.

"ఏం అయింది? నీకేమైంది?" అంది బ్రేకక్క తలెత్తకుండానే. "నోరు మూసుకుని నీళ్ళు తే."

కాసేపటికి బొంత తల కొంచెం ఎత్తింది. నీళ్ళ గిన్నె పెడితే రెండు గుటకలు తాగి మళ్ళీ పడుకుంది. అద్దాలన్నీ దించేసి తడి ఒంటితోనే దాన్ని కార్లో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు.

డాక్టరమ్మ చూడగానే సెలైన్ పెట్టింది. "వీటికి మనలా చెమట పట్టదండీ. నాలుక చాపి వగర్చడం ఒక్కటే దారి. నిప్పులాంటి గాలిలో ఎంత వగర్చినా ఏం లాభం? బతికితే అదృష్టమే. మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. అసలు ఇది ఎవరి నిర్వాకం?"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "ఆ లారీవాళ్ళండీ, ఎండలో ఆపేసి తిండికి పోయారు..."

బ్రేకక్క తమ్ముడి మాటకి అడ్డం పడింది. "అబద్ధం డాక్టరుగారూ. వీడే. నా తోడబుట్టినవాడే. వాళ్ళకి చెప్పకుండా ఎక్కించాడు," అంది. తమ్ముడు అలిగి బయటికి వెళ్ళిపోయాడు.

బొంత గండం గడిచింది. కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉండి, బక్కచిక్కి, బొచ్చు సగం కత్తిరించిన ఒంటితో బ్రేకక్క ఇంటికి వచ్చింది. పాప రోజూ బడి అవ్వగానే వచ్చి దాని పక్కన గచ్చు మీద బోర్లా పడుకునేది. తండ్రితో మాట్లాడ్డం మానేసింది. కుక్క కోసం తమ్ముణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసిందని చుట్టాలు బ్రేకక్కనే ఆడిపోసుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు.

ఒక రోజు, కారు మీద రాసిన పేరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, డ్రైవింగ్ స్కూలు ముందు ఆ లారీ డ్రైవరు నిలబడి ఉన్నాడు.

"కుక్క ఎలా ఉందమ్మా?" అని అడిగి, ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. మూసిన లారీలో కుక్కని పెట్టి చంపబోయాడని అతని మీద లారీ ఆఫీసుకి ఎవరో ఫోన్ చేశారట. బండి తాళాలు లాక్కున్నారట. "చెప్తే నా మాట ఎవరు నమ్ముతారమ్మా? తలుపుకి తాళం వేసింది నేనేగా."

ఎవరు ఫోన్ చేశారో అడగాల్సిన పని లేకపోయింది. బ్రేకక్క పాఠం మధ్యలో ఆపి, శిష్యురాలిని దింపేసి, డ్రైవరుని లారీ ఆఫీసు దగ్గర ఉండమని చెప్పి, తిన్నగా తమ్ముడి ఇంటికి పోయింది.

"ఫోన్లో నా పేరు చెప్పలేదక్కా, ఊరికే..." అన్నాడు వాడు. "తప్పు లారీవాళ్ళదైతే వాళ్ళనేం చేశావని చుట్టాలందరూ అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలిగా."

"ఏదో ఒకటా? నిజం ఒకటుందిగా, అది చెప్పడానికేం రోగం? కుక్కని చంపబోయింది చాల్లేదని మనిషి పొట్ట కూడా కొట్టావు! పద."

"ఎండ చల్లబడ్డాక వెళ్దాం."

ఆ మాట నోరు జారాక వాడికే తల కొట్టేసినట్టయింది. బ్రేకక్క గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడింది. వంటింట్లోంచి మరదలు వచ్చి, "వెళ్ళండి. పాప అడిగితే నేను ఏం చెప్పలేకపోతున్నాను," అంది.

లారీ ఆఫీసులో మేనేజరు టీ తాగుతున్నాడు. గోడవారగా డ్రైవరు నిలబడి ఉన్నాడు. తమ్ముడు ముందు ఇటూ అటూ తిప్పి మాట్లాడాడు, పొరపాటు జరిగిందనీ, ఎవరి తప్పూ లేదనీ. బ్రేకక్క బల్ల మీద ఒక్క దెబ్బ వేసింది. టీ తొణికింది.

తమ్ముడు ఆగి, నీళ్ళు నమిలి, చివరికి చెప్పాడు. "నేనే ఎక్కించాను. వీళ్ళకి చెప్పలేదు. చెప్తే వద్దంటారని తెలుసు, అందుకే చెప్పలేదు. మీకు ఫోన్ చేసింది కూడా నేనే."

మేనేజరు సొరుగు లాగి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. డ్రైవరు అవి తీసుకున్నాడు. తమ్ముడు చేతులు జోడించబోతే మొహం తిప్పుకుని బ్రేకక్కతో, "దాన్ని ఇంకెప్పుడూ బండి ఎక్కించకండమ్మా. బెదిరి ఉంటుంది," అని బయటికి నడిచాడు.

తిరిగి వస్తుంటే కార్లో తమ్ముడు అడిగాడు.

"చెప్పేశానుగా అక్కా. ఇంకా కోపమేనా?"

"ఇంకా ఉంది," అంది బ్రేకక్క.

"ఎప్పుడు పోతుంది?"

"నాకేం తెలుసు? పోయినప్పుడు చెప్తాలే. ముందు ఇంటికొచ్చి దాని పక్కన కాసేపు కూర్చో. అది నీ దగ్గరికి వస్తుందో రాదో చూద్దాం."