అడిగి కూర్చున్నాయన

మూడో బడికి పదికి అయిదు వేయడంలో నా తప్పేమీ లేదు, మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం ఊడినందుకు ఒకటి తీశాను, వాన పడితే బురదయ్యే దారికి ఒకటి, ఇక్కడ గోడ మీది బడుల మార్కుల జాబితాలో అన్నిటికన్నా అడుగున ఉన్నందుకు రెండు, మిగిలిన ఆ ఒక్కటి ఎందుకు తీశానో మాత్రం కాగితం మీద రాసుకోలేదు, సరే, ఎవరు అడగబోతారు, ఈ విద్యాశాఖ ఆఫీసు వరండాలో బల్ల చల్లగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది, పక్కన నా మనవరాలు, ఇంట్లో ఉడుత అంటాం, నేలకందని కాళ్ళు ఊపుతూ కూర్చుంది, నా ఒళ్ళో దరఖాస్తు, అందులో బడి పేరు రాయాల్సిన గడి ఒక్కటే ఖాళీ, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు ఈ పరిధిలోని ఏ సర్కారు బడిలోనైనా చేరొచ్చు, గడువు ఇవాళే, ఒకసారి రాశాక ఏడాదిదాకా మార్చేది లేదండీ అని గుమాస్తా ముందే చెప్పాడు, ఫరవాలేదు, మార్చాల్సిన పని పెట్టుకునే మనిషినా నేను, ముప్ఫై ఏళ్ళుగా ధాన్యం కొంటున్నాను, బస్తా మూతి దగ్గర మెరిసే గింజ చూసి ఏనాడూ ధర చెప్పలేదు, ఇనుప గొట్టం గుచ్చి అడుగునుంచి తీసి అరచేతిలో పోసుకుని చూస్తాను, ధాన్యం చూసినట్టే బడులూ చూడు నాన్నా, నాకు ఆసుపత్రిలో సెలవు దొరకదు అంది మా అమ్మాయి, మా ఆవిడ పక్కనుంచి, గింజయితే కొరికి చూస్తారు, అక్కడి పిల్లల్ని కొరక్కండి అంది.

కొరకలేదు గాని వదల్లేదు, కూడలిలో పెద్ద బడికి ఎనిమిది వేశాను, మార్కుల్లో అదే పైన, అయినా ముందు వరస వదిలి వెనక బల్లల దగ్గరికి పోయి నోటుబుక్కులు తిరగేశాను, ముగ్గురిలో ఇద్దరివి దిద్ది ఉన్నాయి, అడుగు సరుకు అంతమాత్రం ఉంటే మంచి బస్తాయే, వంతెన దగ్గరి కొత్త బడికి ఏడు, గోడలకు ఇంకా రంగు వాసన, అద్దాల బీరువా నిండా పుస్తకాలు, తాళం ఏది అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వేలితో అద్దం మీద గీస్తే దుమ్ములో గీత పడింది, ఒక మార్కు ఆ గీతతోనే పోయింది, ఇక మూడోది, మిల్లు వెనక బడి, రెండే గదులు, ఇద్దరే పంతుళ్ళు, సైకిలు ట్యూబు ముక్కతో కట్టిన కుళాయి, కానీ నీళ్ళు ధారగా వస్తున్నాయి, పిల్లల చేతికందే ఎత్తులో ఉంది, దానికి నేను మార్కేమీ కలపలేదు, ఎందుకు కలపలేదు, అప్పటికే ఆ పంతులు మీద మనసు చెడింది కాబట్టి.

చెడిందంటే మరీ అంత కాదు, ఆయన మమ్మల్ని చూసి రండి రండి అన్నాడు, ఉడుత ముందు వంగి, దారిలో ఏం చూశావమ్మా అని అడిగాడు, అడిగి ఊరుకోకుండా చిన్నపిల్లల బల్ల ఒకటి లాక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నాడు, ఇంకేం పని లేనట్టు, ఈ పిల్ల సంగతి నాకు తెలుసు కదా, ఏదడిగినా లోపల ఎక్కడికో వెళ్ళి వెతికి తెచ్చి చెబుతుంది, తెచ్చేసరికి అడిగినవాళ్ళు వెళ్ళిపోతారు, పోయినేడు చదివిన బడిలో రిపోర్టు మీద మాట్లాడదు అని రాసి పంపారు, అది చూసి మా అమ్మాయి, ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఇది నిజంగానే మాట్లాడటం మానేస్తుంది నాన్నా అని వంటింట్లో అటు తిరిగి నిలబడింది, అందుకే నేను ఎక్కడికి పోయినా పిల్లకు చిన్నతనం కాకుండా చూసుకుంటాను, పెద్ద బడిలో టీచరమ్మ పేరడిగి రెండు క్షణాలు ఆగి పక్క పిల్ల వైపు తిరగబోతే పేరు నేనే చెప్పేశాను, ఇక్కడా అంతే, బాతులండీ, చెరువులో బాతుల్ని చూసింది అన్నాను, ఆ పంతులు నవ్వుతూనే, మిమ్మల్ని కాదండీ అడిగింది అన్నాడు, అదిగో, ఆ రాయని మార్కు అదే, ఊళ్ళో నలుగురూ కుర్చీ వేసే మనిషిని, పిల్లల ముందు ఆ మాటా, నేను పిల్ల చెయ్యి పట్టుకుని పద పద అని వచ్చేశాను, ఆయన ఇంకా ఆ బల్లమీదే కూర్చుని ఉన్నాడు.

పాపా రా అమ్మా అని గుమాస్తా పిలిచాడు, లేచాం, ఎనిమిది, ఏడు, అయిదు, కాగితం నా చేతిలో స్పష్టంగా ఉంది, పెద్ద బడి అని నాలుక చివరిదాకా వచ్చింది, ఈలోగా ఆ గుమాస్తా కళ్ళద్దాలు పైకి తోసుకుని, నన్ను కాదు, పిల్లను చూసి, ఏ బడికి పోతావు తల్లీ అన్నాడు, సరదాకే అడిగాడు, నేను నోరు తెరిచాను, తెరిచి మూశాను, ఎందుకంటే ధర చెప్పాక నోరు మూసుకోవడమే నా వ్యాపారం, ముందు మాట్లాడినవాడు ఒక మెట్టు దిగుతాడు, ఈయన ఊరుకుంటే గోడలు కూడా ధర తగ్గిస్తాయి అంటాడు మా దళారి, ఎవరెవరి ముందో గంటలకు గంటలు ఊరుకున్నాను, ఈ పిల్ల ముందు ఒక్కసారైనా ఊరుకున్నానా, బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, మూడు, ఆరు, గుమాస్తా నావైపు చూశాడు, నేను గోడ మీది క్యాలెండరు చూశాను, తొమ్మిది, పన్నెండు, చెయ్యి అయిపోయింది, మళ్ళీ మొదటి కణుపు దగ్గరికి వచ్చాను, వెనక వరసలో ఎవరో దగ్గారు, నా గొంతులో మాట కప్పలా ఎగురుతోంది, నొక్కిపట్టాను, రెండు, మూడు, మిల్లు వెనకది అంది ఉడుత, ఎందుకమ్మా అన్నాడు గుమాస్తా, మళ్ళీ కణుపులు, ఈసారి నాకు తొందర లేదు, ఆయన అడిగి కూర్చున్నారు అంది.

గడిలో నేనే రాశాను, అక్షరాలు గుండ్రంగా వచ్చాయి, గుమాస్తా ముద్ర కొట్టాడు, మెట్లు దిగుతుంటే ఎండ బాగుంది, పిల్ల చెయ్యి నా చేతిలో వెచ్చగా ఉంది, బాతులు కాదు తాతయ్యా అంది, నేను నడక తగ్గించాను, వ్యాను దాకా వచ్చాం, తలుపు తీశాను, ఎక్కింది, చెరువు నీళ్ళలో మన వ్యాను తలకిందులుగా పోతోంది, అందులో నువ్వూ నేనూ ఉన్నాం, బాతులు మన మీదినుంచి వెళ్ళాయి అంది, మూడు బడులకూ గొట్టం గుచ్చి చూసి వచ్చాను, రోజంతా పక్కనే కూర్చున్న ఈ పిల్ల లోపల ఏముందో ఒక్కసారీ ఆగి చూడలేదు, తాళంచెవి పెట్టాను గాని తిప్పలేదు, ఇంకేమైనా చెబుతుందేమో.