ట్రాక్టర్ల ప్రకటనల మధ్య ఒక ఉత్తరం

ఇలా జరిగి కూర్చో తల్లీ. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇక్కడ, నా పక్కన. హిమేనా కథ నువ్వు విన్నది సగమే. తోట షెడ్డులో టీ తాగుతూ జనం చెప్పుకునే సగం అది. మిగతా సగం నేను చెబుతాను.

హిమేనా చిలీ దేశపు పిల్ల. వాళ్ళ ఊళ్ళోనూ పళ్ళతోటలే. వ్యవసాయంలో డిగ్రీ చేసి, ఏడాది పాటు తిరుగుతూ పనిచేసుకోవచ్చనే సెలవు వీసా మీద మన టె పుకె ఊరికి కివీ పళ్ళు కోయడానికి వచ్చింది. పాత వ్యానులో పడుకునేది. ఆ ఏడు మే నెల వానలకి వ్యాను అడుగున తుప్పు తిన్న చోటల్లా నీళ్ళు పైకి వచ్చేవి. నాహుయా ఒకరోజు ఆ వ్యాను తలుపు తట్టి, "లోపల చేపలు పెంచుతున్నావా పిల్లా?" అని అడిగింది. ఆ సాయంత్రానికే హిమేనా పరుపు నాహుయా పెరటి గదిలోకి చేరింది.

నాహుయాకి అప్పటికి యాభై ఆరేళ్ళు. పుట్టింది ఇక్కడే, వాళ్ళ ముత్తాతలూ ఇక్కడే. హిమేనా పళ్ళు కోసే ముర్రే తోటలోనే పంతొమ్మిది చలికాలాలు కివీ తీగలకు అంటు కట్టిన చెయ్యి ఆవిడది. పాత మోడు మీద కొత్త రకం పుల్ల దింపిందంటే అది చిగురు వేయాల్సిందే. హిమేనాకి అంటు కట్టడం పుస్తకంలో తెలుసు గానీ చేతిలో తెలియదు. నాహుయా ఆ పిల్ల చేతిలో కత్తి పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి నేర్పింది.

"కొయ్యకు. వెన్నలోకి దిగినట్టు దిగనివ్వు. తీగకి తెలియకూడదు."

సాయంత్రాలు ఇద్దరూ నూనెలో రొట్టెలు వేయించుకుని తినేవాళ్ళు. నాహుయాది ఉత్త పిండి, హిమేనాది గుమ్మడికాయ కలిపిన పిండి. "గుమ్మడికాయ మేం పందులకి వేస్తాం" అంటూనే నాహుయా నాలుగు తినేది.

అలా ఉండగా వీసాకి ఆరు వారాలే మిగిలాయి. అదే సమయానికి ముర్రే దగ్గర తోట మేనేజరు మానేశాడు. "నువ్వు చెయ్యి" అన్నాడు ముర్రే హిమేనాతో. ఆ ఉద్యోగం వస్తే పని వీసా వస్తుంది. మూడేళ్ళు ఆ పని చేస్తే, చదువుకీ అనుభవానికీ కలిపి పాయింట్లు సరిపోయి ఇక్కడే ఉండిపోవచ్చు. కానీ పద్ధతి ఒకటుంది కదా. బయటి దేశం మనిషికి ఉద్యోగం ఇవ్వాలంటే ముందు రెండు వారాలు ప్రకటన వేయాలి. తగిన స్థానికులు ఎవరూ రాలేదని యజమాని సంతకం పెట్టాలి.

ఈ సంగతి హిమేనా నాహుయాకి చెప్పలేదు. ఖాయం కాని మాట ఎందుకులే అని సర్దుకుంది. అసలు కారణం కడుపులో ఎక్కడో తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచుకోవడం ఎంత సులువో నీకింకా తెలియదులే.

ముర్రేకి కంప్యూటరంటే చికాకు. అతని మెయిళ్ళు హిమేనాయే చదివి చెప్పేది. "నా కళ్ళద్దాలు నువ్వే" అనేవాడు. ప్రకటనకి వచ్చిన దరఖాస్తులూ అలాగే ఆ పిల్ల చేతుల్లోకి వచ్చాయి. ఒకతను సోమవారాలు రాలేనని రాశాడు. ఒకామెకి కివీ తీగకీ ద్రాక్ష తీగకీ తేడా తెలియదు. మిగతావాళ్ళూ అంతే. హిమేనా ప్రాణం కుదుటపడింది. పదమూడో రోజు పొద్దున ఇంకొకటి వచ్చింది.

"ముర్రే, నీ తోటలో ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, ఏ వరస ముందు పండుతుందో నాకు తెలుసు. పందిరి కింద రోజంతా చేతులెత్తి పనిచేయడానికి నా నడుం ఇక ఒప్పుకోవడం లేదు. మేనేజరు పని ఇస్తే బాగా చేస్తాను. నాహుయా."

అంతే ఉత్తరం. మనవరాలి చేత టైపు చేయించినట్టుంది.

హిమేనా దాన్ని తుడిచేయలేదు. తుడిచేస్తే దొంగతనం, తుడవలేదు కాబట్టి కాదు అని తనకి తానే చెప్పుకుంది. మెయిల్లో పాత ట్రాక్టర్ల అమ్మకాల ప్రకటనలు వచ్చి పడే అర ఒకటి ఉంటే, అందులోకి జరిపింది. ముర్రే ఎన్నడూ తెరవని అర అది.

"మనవాళ్ళెవరైనా దరఖాస్తు పెట్టారా?" అని అడిగాడు ముర్రే గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ.

"పనికొచ్చేవాళ్ళు లేరండీ."

"ఒక్కరూ?"

"ఒక్కరూ."

సంతకం పెట్టేశాడు.

నాహుయా ఎదురుచూసింది. నోరు తెరిచి అడిగే మనిషి కాదు. పంతొమ్మిదేళ్ళు పనిచేసిన చోట లేదనే మాట కూడా చెప్పలేదంటే అదే జవాబు అనుకుంది. హిమేనా మేనేజరైందని విన్న రోజు, "మంచిది పిల్లా, నీకు బుర్రుంది" అని భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతి బరువు ఆ భుజం మీంచి దిగలేదు. నెల తిరక్కుండా నాహుయా దక్షిణ దీవిలో తమ్ముడి దగ్గరికి, మాంసం ఫ్యాక్టరీలో పనికి వెళ్ళిపోయింది. "కుక్కకి తిండి పెడుతూ ఉండు" అని మాత్రం చెప్పింది.

"చెప్పాపెట్టకుండా పోయింది చూడు, ఇన్నేళ్ళ తర్వాత" అని ముర్రే నొచ్చుకున్నాడు. హిమేనా కుక్కకి రోజూ తిండి పెట్టింది. తోట బాగానే చూసుకుంది, అది కాదనకూడదు. అంటు కట్టే రోజుల్లో కొత్తవాళ్ళకి "వెన్నలోకి దిగినట్టు" అని చెప్పబోయి నాలుక కరుచుకునేది.

మధ్యలో నాహుయా వదిన పోయింది. నాహుయా తెగవాళ్ళంతా మంచికీ చెడుకీ చేరే మరాయెకి హిమేనా కూడా వెళ్ళింది. బయటివాళ్ళు ఎలా వెళతారో అలాగే, ముందు గేటు దగ్గర నిలబడి, ఆడవాళ్ళు పిలుపు పాడాక లోపలికి నడిచింది. వరసలో అందరూ ముక్కుకి ముక్కు ఆనించి పలకరించారు. చావుకని వచ్చిన నాహుయా దగ్గరికి చేరేసరికి, ఒకరి ఊపిరి ఒకరు పంచుకోవాల్సిన ఆ క్షణంలో, హిమేనా ఊపిరి బిగబట్టేసింది.

నాలుగో ఏడు మార్చిలో నివాసం ఇచ్చినట్టు ఉత్తరం వచ్చింది. ముర్రే షెడ్డులో విందు పెట్టాడు. నాహుయా నడుం పూర్తిగా చెడి అప్పటికే ఇల్లు చేరింది. పొగబెట్టిన మలుగు చేపా, ఒక గిన్నె నిండా గుమ్మడికాయ రొట్టెలూ పట్టుకొచ్చింది. "పందులకి వేసేదే తెచ్చాను, తిను" అని గిన్నె చేతికిచ్చింది. హిమేనా తినకుండానే గిన్నె బల్ల మీద పెట్టింది.

ముర్రే గ్లాసు ఎత్తాడు. "రెండు వారాలు ప్రకటన వేశాను. ఈ ఊరి నుంచి ఒక్క పురుగు కదల్లేదు. చివరికి చిలీ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది."

అందరూ నవ్వారు.

"ఒక్కరూ పెట్టలేదా ముర్రే?" అంది నాహుయా.

"నువ్వు పెట్టి ఉంటే ఆ రోజే తాళాలిచ్చేవాణ్ణి. నీకేమో మాంసం వాసన మీద మోజు పుట్టింది."

మళ్ళీ నవ్వులు. నాహుయా చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టింది. మనిషనుకున్నవాడు నలుగురిలో నిలబడి అబద్ధమాడుతుంటే ఎలా చూస్తామో ముర్రేని అలా చూసి, కోటు తీసుకుని తలుపు వైపు నడిచింది.

దరఖాస్తులో ఒక్క అబద్ధం బయటపడినా ఇచ్చిన నివాసం వెనక్కి తీసుకుంటారని వీసా ఏజెంటు ఎప్పుడో చెప్పాడు. నివాసం ఇచ్చిన ఉత్తరం హిమేనా జేబులోనే ఉంది. నోరు మూసుకుంటే చాలు. నాహుయా ముర్రేని అసహ్యించుకుంటూ బతుకుతుంది, తను ఇక్కడే ఉండిపోతుంది. నాహుయా తలుపు గడియ మీద చెయ్యి వేసేదాకా హిమేనా మాట్లాడలేదు.

"పెట్టింది" అంది అప్పుడు. ఎవరికీ సరిగా వినబడలేదు. మళ్ళీ చెప్పింది. "నాహుయా పిన్ని దరఖాస్తు పెట్టింది. నేనే దాచాను. ట్రాక్టర్ల ప్రకటనల్లో ఉంది."

ముర్రే గ్లాసు దించాడు. "ఎవరూ రాలేదన్న కాగితం కింద నా పేరు పెట్టాను నేను" అన్నాడు మెల్లగా.

నాహుయా వెనక్కి తిరిగింది. "చదివావా?"

"చదివాను."

"నడుం సంగతి కూడా?"

"చదివాను పిన్నీ."

"మూడేళ్ళు ఆ చల్లటి గదిలో నిలబడి రోజూ ముర్రేని తిట్టుకున్నాను." ఆవిడ గొంతు పెంచలేదు. "అనవసరంగా వీడికి ఎక్కిళ్ళు వచ్చి ఉంటాయి."

ఎవరూ నవ్వలేదు. నాహుయా బల్ల దగ్గరికి వచ్చి రొట్టెల గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు హిమేనా తాళాలు తెచ్చి ముర్రే ముందు పెట్టింది. వీసా ఆఫీసుకి జరిగిందంతా రాసి, నాహుయా ఉత్తరం జతచేసి పంపింది. ముర్రే తన ఉత్తరం తను రాసుకున్నాడు, ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని. తర్వాత ఆ తాళాలు తీసుకుని నాహుయా ఇంటికి వెళ్ళాడు. "నడుముని అడిగి చెబుతాను" అందట ఆవిడ. మూడు వారాలు ఆగి తీసుకుంది.

హిమేనా పెరటి గదిలో సామాను సర్దుతుంటే నాహుయా కిటికీ దగ్గర నిలబడింది.

"ఎక్కడికి?"

"వ్యానులోకి."

"అది అమ్మేశావుగా."

హిమేనా చేతిలోని చొక్కా మళ్ళీ మడత పెట్టింది.

"శనివారం మా వదిన సమాధి రాయి మీద ముసుగు తీసే తంతు పెట్టుకున్నాం" అంది నాహుయా. "మరాయెకి రెండొందల మంది వస్తారు. నువ్వూ రా. ముందు గేటుకి రాకు. నీకెవరూ పిలుపు పాడరు. వెనక వంటింటి తలుపుకి రా."

శనివారం తెల్లవారుతుండగా వెళ్ళింది. వెనక వంటిల్లంటే ఇంటివాళ్ళది, ఒళ్ళు వంచేవాళ్ళది. ఎవరో చిన్న కత్తీ, బంగాళదుంపల బస్తా చూపించారు. ముందు వైపు అతిథులకి పాడే పిలుపు గోడ అవతలి నుంచి వినబడుతోంది. షెడ్డు సంగతి ఆ వంటింట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదనిపించింది హిమేనాకి. మధ్యాహ్నం నాహుయా ఒకసారి వచ్చి, ఒక తొక్క తీసి వెలుతురుకి పట్టి చూసింది.

"మందంగా తీస్తున్నావు. సగం దుంప పోతోంది."

హిమేనా తలెత్తి ఏదో అనబోయింది. అప్పటికే నాహుయా ఉప్పు డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఆఫీసు నుంచి జవాబు ఇంకా రాలేదు. ఉంటుందో, పొమ్మంటారో తెలియదు. ఆ పిల్ల తల వంచుకుని, ఇంకో దుంప తీసుకుని, పలచగా తీయడం మొదలుపెట్టింది.

ఇదీ మిగతా సగం. రేపు నీ దగ్గరికి ఎవరైనా వచ్చి హిమేనా గురించి అడిగితే, గుర్తుపెట్టుకుని ఇలాగే చెప్పు తల్లీ. ఏడ్చిందని కలపకు, ఏడవలేదు. ట్రాక్టర్ల ప్రకటనల ముక్క వదిలెయ్యకు. నాహుయా చెయ్యి గడియ మీద పడేదాకా ఆగిందన్న ముక్క కూడా.