కుసుమపూల కషాయం

మట్టికుండలో కషాయం మరుగుతుంటే ఆ వాసనకే లాన్‌చున్‌కి కడుపులో దేవుతోంది. నిన్న కాలవ మెట్లమీద జారి చీలమండ బెణికింది, అంతే. దానికి అత్తగారి హడావుడి ఇంతా అంతా కాదు. పొద్దున్నే షావోషింగ్ బజారుకెళ్ళి, మందుల కొట్టు వైద్యుడి దగ్గర పొట్లం కట్టించుకొచ్చేసింది.

“అందులో ఏమేం వేశారత్తయ్యా?” అంది లాన్‌చున్, ఊరికే అడిగినట్టు.

“కుసుమపూలు, పీచ్ పండు గింజల పప్పు, ఏవో వేళ్ళు. గడ్డకట్టిన నెత్తురు కరిగి పరిగెత్తాలట. కోడలుగానీ నీళ్ళోసుకుందా అని పదేపదే అడిగాడు మహానుభావుడు. మాకంత అదృష్టమా నాయనా అన్నాను.”

లాన్‌చున్ చెయ్యి తనకి తెలియకుండానే పొట్టమీదికి పోయింది. కడుపుతో ఉన్నవాళ్ళు కుసుమపూల జోలికి పోకూడదని ఆ వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు.

చెప్పేస్తే సరిపోను. కానీ ఎలా చెప్పడం? మూడు నెలలు నిండకుండా బయటపెడితే కడుపు నిలవదంటారు. అదంతా వట్టిదనుకునే కిందటిసారి అత్తగారి చెవిన వేసింది. ఆవిడ సంబరం పట్టలేక వీధంతా చాటింది. పట్టుమని పక్షం తిరక్కుండానే కడుపు పోయింది. అప్పట్నించీ “ఆ నోరు కాస్త అదుపులో పెట్టుకునుంటేనా” అని ఆవిడే తనని దెప్పని రోజు లేదు. అందుకే ఈసారి మొగుడు పెయ్‌లిన్‌కి కూడా చెప్పలేదు. ఇంకా నెల గడవాలి.

అత్తగారు గిన్నె తెచ్చి మొహం ముందు పెట్టింది. “ఊఁ, కానీ. వేడివేడిగా ఒక్క గుక్కలో తాగెయ్.”

“నొప్పి తగ్గిపోయిందత్తయ్యా, చూడండి!” అని లేచి నాలుగడుగులు వేసింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

“ఆహా, ఏం నడకమ్మా! కూర్చో. నువ్వు తాగేదాకా నేనిక్కణ్ణించి కదిలితే ఒట్టు.”

లాన్‌చున్ గిన్నె అందుకుంది. నోరు విప్పితే పోతుందేమో. విప్పకపోతే మాత్రం ఇప్పుడే పోతుంది. గిన్నె పెదవుల దాకా వచ్చి, మళ్ళీ కిందికి దిగింది.

“నేను తాగలేనత్తయ్యా. నా కడుపులో...”

అత్తగారి అరచెయ్యి టక్కున ఆమె నోటిమీద పడింది. రెండో చేత్తో గిన్నె లాక్కుని కషాయం కాస్తా కిటికీలోంచి విసిరికొట్టింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“నువ్వేం అనలేదు! నాకేం వినపడలేదు!” ఇంటి చూరుకేసి చూస్తూ గొంతు చించుకుంది, అక్కడెవరో పొంచి వింటున్నట్టు. “నాకు చెవుడు! మా కోడలికి కాలునొప్పి, అంతే, ఇంకేం లేదు!”

నోటిమీది ఆ చెయ్యి మాత్రం తియ్యలేదు.

అంతలో ముందు గదిలోంచి ఠంగుమని చప్పుడైంది. పెయ్‌లిన్ క్యాలెండర్‌కి మేకు కొడుతున్నాడు. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో మేకు కొడితే ఆ దెబ్బ బిడ్డకి తగులుతుందని భయం. అత్తగారు చెప్పులైనా వేసుకోకుండా పరుగుతీసింది.

“ఒరేయ్, ఆపరా! సుత్తి ఇలా ఇచ్చెయ్!”

“ఎందుకమ్మా?”

“ఎందుకేమిట్రా ఎందుకు? నా గోడ, నా ఇష్టం!”

లాన్‌చున్ దుప్పటి నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఒక్కతే మోసిన భయాన్ని ఇప్పుడు ఇద్దరూ మోస్తున్నారు.