తేరిన నీళ్లు

ప్రేమ్‌సింగ్ కుండ లోపల చిల్లగింజను రుద్దుతున్నాడు. గింజ అరిగి, గంధం లాంటి తెల్లటి పూత కుండకు అంటుకుంటోంది. అందులో బోరు నీళ్లు పోసి మూతపెట్టాడు. బయ్యారం నేలలో ఇనుము ఉంది. నీళ్లు పట్టినప్పుడు తేటగానే ఉంటాయి, కాసేపటికి తుప్పురంగు తిరుగుతాయి. గింజ గంధం తగిలితే ఆ ఎరుపంతా అడుక్కు దిగుతుంది.

కరుణాకర్ పటేల్ బెల్లం బట్టీలో, చెరుకు రసం కాచే పెనం కోసం, రోజూ అతని మొదటి పని ఇదే. ఈ కుండ మాత్రం బట్టీది కాదు, పక్కనే ఉన్న తన గుడిసెది.

అతని భార్య మంగ్లీ గడపలో కూర్చుని చూస్తోంది. ముందరి పళ్లు ఎర్రబారాయి. ఇంట్లో వాళ్లది లంబాడీ మాట. కోపం వస్తే ఆమె తెలుగులోకి దిగుతుంది, పటేల్‌కు వినబడాలని.

"పెనానికేమో రోజూ తేర్చిన నీళ్లు. నాకు పెండ్లయిన కాడి నుంచి ఎర్రనీళ్లే. బెల్లం పాటి చెయ్యనా నేను?"

"ఇయాల పెట్టిన గద. కదపకు. ఎండెక్కినంక తాగు."

"సరళ తాన ఉందాం అంటివి. ఎప్పుడు పోదాం?"

సరళ వాళ్ల బిడ్డ. గూడూరు దగ్గర తండాలో ఉంటుంది.

"ఈ పెనం దించినంక మాట్లాడుత."

"ఏ పెనం? పోయినేడుది ఇంకా దిగలేదా?"

అతను చిల్లుల గరిటె భుజాన వేసుకుని బట్టీకి నడిచాడు.

అడవి బెండ కట్టెలు నలగ్గొట్టి తేరిన నీళ్లలో నానేస్తే జిగురు దిగుతుంది. ఆ జిగురు కాగే చెరుకు రసంలో పోస్తే, రసంలోని మురికంతా నురగతో పైకి తేలుతుంది. గరిటెతో దేవుతూనే ఉండాలి. ఎర్రనీళ్లతో జిగురు తీస్తే బెల్లం నల్లబడుతుంది. నల్లబెల్లం గుడుంబా సారాకు పోతుందని పోలీసులు బండి ఆపుతారు. వేరేవాళ్లు పెనం దగ్గర నిలబడ్డప్పుడల్లా బెల్లం నల్లగానే దిగింది. అందుకే పటేల్ అతన్ని ఏ పండగకూ పంపలేదు. పొగకు అతని కనురెప్పల వెంట్రుకలు ఎప్పుడో రాలిపోయాయి.

"ఊరంతా బందే, పెనానికి బంద్ ఉంటదా?" అన్నాడు పటేల్. "రోడ్డు మీద వంటావార్పు పెట్టిన్రు. పాయసానికి మన బెల్లమే. తెలంగాణ వస్తే అందరికీ విడుదలే, ప్రేమ్‌సింగ్."

"నాగ్గూడనా పటేలా?"

పటేల్ నవ్వాడు. "నువ్వు పోతే బెల్లం ఎవలు తెల్లగ చేస్తరు?"

మధ్యాహ్నం డప్పులతో ట్రాక్టరు వచ్చి బట్టీ ముందు ఆగింది. నిండా ఆడవాళ్లు. మధ్యలో మంగ్లీ, ఒళ్లో మూట.

"అన్నా, గూడూరు కాడ వంటావార్పుకు పోతున్నం," అని ఊళ్లోని సారమ్మ ట్రాక్టరు మీంచి కేకేసింది. "వదినెను బిడ్డ తాన దింపుతం. నువ్వూ ఎక్కుతవా, గరిటెకే మొగనివైతవా?"

ఆడవాళ్లు నవ్వారు. మంగ్లీ నవ్వలేదు. అతన్నే చూస్తోంది.

అతను ఒక అడుగు వేశాడు. వెనక నురగ అంచు దాకా పొంగింది. వెనక్కి తిరిగి గరిటె వేశాడు.

"మాపటికి వస్తవా?" అన్నాడు, పెనం మీంచి చూపు తీయకుండా.

"నీళ్లు తేరినయ్," అంది మంగ్లీ. "తాగిన. మంచిగున్నయ్."

డప్పుల చప్పుడు దూరమైంది. పాకం తీగ సాగింది. నీళ్లలో వేస్తే ముద్ద కట్టింది. దించాడు. ఆ రోజు బెల్లం మేలిమి రంగులో వచ్చింది. పటేల్ చిటికెడు నోట్లో వేసుకుని తల ఊపాడు.

పొద్దు గూకినాక గుడిసెకు వచ్చాడు. దండెం మీద ఆమె చీరలు లేవు. అద్దం లేదు. కుండ మూత తీశాడు. సగం నీళ్లున్నాయి. పైపైనే ముంచుకున్నట్టుంది, అడుగున ఎర్రమడ్డి కదలలేదు. గ్లాసు అందుకుని వంగాడు. ముంచబోయి ఆగాడు. ముంచితే మడ్డి కదులుతుంది.

గ్లాసు బోర్లించి మూత పెట్టాడు. కుండ పక్కన ఒకవైపు అరిగిన చిల్లగింజ ఉంది, మంగ్లీ కడిగి ఆరబెట్టినట్టు.