పెంకుకీ పెంకుకీ మధ్య సందు

పొద్దున ఏడింటికి జట్టుపెద్ద ఎర్లిండా కంతూ షెడ్డులో అడుగు పెట్టిందంటే జట్టువాళ్లంతా టిఫిన్ పొట్లాలు పట్టుకుని ఆమె చుట్టూ చేరతారు. కోపం వస్తే ఆమె ఒళ్లు పెనంలా కాలుతుంది. ఎవరో ఒకరి మీద కోపం లేకుండా ఆమె ఇల్లు కదిలిన రోజు లేదు. అందుకని టోర్టిల్లా రొట్టెలు ఆమె భుజాల మీద పరిచి, అటూ ఇటూ తిప్పి, వెచ్చబడగానే తీసుకుని పనిలోకి పోతారు. ఆమె తిడుతూనే కదలకుండా నిలబడుతుంది. ఇరవై రెండేళ్ల వయసులో, ఉల్లిపాయల షెడ్డు ముందు సమ్మెకి కూర్చున్నప్పుడు, ఆమె పట్టుకున్న ఇనప గేటు ఎర్రబడిందని వాళ్ల ఊరు బ్రౌన్స్‌విల్‌లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇప్పుడామెకి అరవై రెండు. వేడి అలాగే ఉంది.

షెడ్డులో నిలబెట్టిన ఉక్కు ఓడకి పెంకులు తొడగడం వాళ్ల పని. ఆ ఓడ ఆకాశానికి వెళ్లి తిరిగి రావాలి. వెళ్లడం ఎవరైనా వెళ్తారు, రావడంలోనే ఉంది కష్టమంతా. పొట్ట ముందుకి పెట్టి పడుతూ వస్తుంది. తప్పుకునే వ్యవధి లేక దాని కింద నలిగిన గాలే నిప్పవుతుంది. ఆ నిప్పుకి ఎదురు నిలిచేవి అరచేతి వెడల్పు ఆరుమూలల పెంకులు. పైన నలుపు, లోపల ఇసక నుంచి తీసిన తెల్లటి నూలు, బరువు చూస్తే మరమరాల ఉండంత. ముఖం కొలిమిలో ఉన్నా వీపుకి కబురు వెంటనే అందదు. అందేలోపు ఓడ నేలకి దిగిపోవాలి. అంతే కిటుకు.

ఆన్సెల్మో పనిలో చేరి పదకొండు రోజులు. ఎర్లిండా వాళ్ల వీధివాడే, ఆమెకన్నా రెండేళ్లు చిన్న. ముప్పై ఏళ్లు ఇళ్లకి టైల్స్ వేసిన మేస్త్రీ. ఊళ్లో సగం బాత్‌రూములు అతని చేతివే. మోకాళ్లు అరిగి ఆ పని మానేశాక ఇంకెక్కడా ఎవరూ పిలవలేదు. ఇక్కడ నిలబడి చేసే పని, అదీ పరీక్ష మీద. ఆ రోజు పదింటికి తనిఖీ. ఒక్క పెంకు విరిగినా ఇంటికే.

ముందురోజు అతను వేసిన నాలుగు వరసల దగ్గర ఎర్లిండా ఆగి, సందు కొలిచే పల్చటి అట్టముక్క తీసి పెంకుల మధ్య దూర్చబోయింది. దూరలేదు.

"ఆన్సెల్మో, ఏంటిది?"

"నీటుగా వచ్చింది కదక్కా. చీమ కూడా దూరదు."

"చీమ గోల నాకెందుకురా? రేపు దీని కడుపులో గడ్డకట్టించేంత చల్లటి ఇంధనం పోస్తారు. ఉక్కు ముడుచుకుంటుంది, పెంకు ముడుచుకోదు. ఒకదాన్నొకటి నొక్కుకుని పగుల్తాయి. పగిలినచోట నిప్పు దూరుతుంది. నువ్వు కట్టింది బాత్‌రూమ్ కాదు."

పనివాడికి పొగరు ఉండాలి. ఉండకపోతే వాడు పనివాడే కాదు. కానీ పాత పని పొగరుని కొత్త పనిలోకి తెచ్చుకుంటే అది ఇలాగే కాలు పట్టి లాగుతుంది. ఆన్సెల్మో గోటితో ఒక పెంకు అంచు పట్టి చూశాడు. తీద్దామంటే ఒక్కో పెంకు కింద మూడు మేకులు బిగిసి ఉన్నాయి. ఏ పక్కా సందు లేదు. లాగితే విరగడమే.

దారి ముందు కనిపెట్టింది చేలా. జట్టులో అందరికన్నా నోరున్న మనిషి. ఎర్లిండా లోపలివైపు ఏమైనా చెయ్యొచ్చేమో చూద్దామని ఓడ పొట్టలోకి దూరి, ఆ వరసల వెనక ఉక్కు మీద చెయ్యి ఆనించింది. బయట చేలా చేతిలో అట్టముక్క సర్రున లోపలికి జారింది. ఉక్కు వేడికి సాగింది, పెంకు సాగలేదు, సందు విచ్చుకుంది.

ఇక ఆమెకి కోపం తగ్గకుండా చూడటమే పని. జట్టు వంతులేసుకుంది. ఒకరు కరెంటాఫీసులో ఆమెని మూడుసార్లు తిప్పిన గుమాస్తాని గుర్తు చేశారు, మొదటి వరస ఊడింది. పక్కింటి కోడిపుంజుకి రెండో వరస. వాళ్లమ్మ చావు ప్రార్థనని పావుగంటలో చుట్టేసిన పాదిరీకి మూడోది. నాలుగో వరసకి చేలా, ఎర్లిండా అల్లుడు కారు వెనక్కి తీసే తీరు నటించి చూపించింది. మెడ తిప్పి, నాలుక బయటపెట్టి, అచ్చం అలాగే. ఎర్లిండా ఫక్కున నవ్వేసింది. ఉక్కు చల్లబడింది. సందు మూసుకుంది. ఆ తరవాత ఎవరేం చెప్పినా ఆమెకి నవ్వే వస్తోంది. టైము తొమ్మిదింబావు.

ఆన్సెల్మో బయటినుంచి ఓడకి నోరు దగ్గరగా పెట్టాడు.

"అక్కా. సమ్మె ఆరో రోజున వెనకదారిన ఉల్లిపాయల షెడ్డులోకి పనికి పోయినవాళ్లలో నేనూ ఉన్నాను."

లోపల నవ్వు ఆగింది. ఆ వెనకదారిన పోయింది ఎవరని ఆమె నలభై ఏళ్లుగా ఊరంతా అడిగింది. అడగనిది ఇతన్నొక్కణ్ణే.

"ఎందుకు?"

"అప్పుడు అమ్మకి మందులు కావాల్సొచ్చాయి. నిన్నడిగితే నువ్వే తెచ్చిచ్చేదానివి. అడగడానికి సిగ్గేసింది."

చేలా జేబులో గుర్తులు పెట్టే మైనం పెన్సిలు కరిగి చొక్కాకి అంటుకుంది. అందరూ రెండడుగులు వెనక్కి జరిగారు. ఎర్లిండా చెయ్యి తీసేసినా తీసేయొచ్చు. తీసేస్తే అతని కథ అక్కడితో సరి. తియ్యలేదు. ఆఖరి పెంకు కూడా విరక్కుండా ఊడి వచ్చేదాకా అలాగే నిలబడి, బయటికొచ్చి, సముద్రపు గాలి కొట్టే తలుపు దగ్గరికి వెళ్లిపోయింది. తనక్కడుంటే ఉక్కు చల్లారదు, చల్లారకపోతే కొలత నిలవదు. ఆన్సెల్మో ప్రతి పెంకు పక్కనా అట్టముక్క పెట్టుకుంటూ నాలుగు వరసలూ మళ్లీ తొడిగాడు.

పదింటికి తనిఖీ చేసే డార్సీ వచ్చింది. అట్టముక్క అన్నిచోట్లా దూరింది. ఇవి ఎవరు వేశారంది.

"ఆన్సెల్మో," అంది ఎర్లిండా. "మొదట తప్పుగా వేశాడు. ఒక్కటీ విరగ్గొట్టకుండా తీసి సరిగ్గా వేశాడు. రెండూ రాయి."

డార్సీ రెండూ రాసింది. విరగలేదు కాబట్టి తనకి అభ్యంతరం లేదని, ఉంచుకోవడం మానడం జట్టు పెద్ద ఇష్టమని కాగితం ఎర్లిండా చేతికిచ్చింది. కాగితం అంచు మెల్లగా గోధుమరంగుకి తిరిగింది. ఆన్సెల్మో తన పనిముట్లు అప్పుడే సంచిలో పెట్టుకుంటున్నాడు.

ఎర్లిండా సంతకం పెట్టింది.

"డార్సీ, రేపట్నించి వీణ్ణి ఓడ రెక్క కీలు దగ్గర పనిలో రాయి," అంది. నిప్పు సుళ్లు తిరిగి దూరడానికి చూసే చోటు అది. చెయ్యి తిరిగినవాళ్లకి తప్ప ఇవ్వరు. ఇన్నాళ్లూ ఆమె ఒక్కతే చేస్తోంది. "నా పక్కనే. నలభై ఏళ్ల తిట్లున్నాయి. దూరంగా ఉంటే నా గొంతు పోతుంది."

ఆన్సెల్మో సంచిలోంచి పనిముట్లు ఒక్కొక్కటే బయటికి తీశాడు. తరవాత ఒంటి మీది స్వెటరు విప్పి దండేనికి తగిలించాడు.